తుళునాడు బసదులు

మంగళూరు నుంచి ఈశాన్యంగా, కొండల వైపు సాగే రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్ల దూరంలో మూడబిద్రి వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరాన 18 కిలోమీటర్లు పోతే కార్కళ, తూర్పున 20 కిలోమీటర్లు పోతే వేణూరు. ఈ మూడు ఊళ్లూ, వాటి చుట్టూ వరి మళ్ల పక్కన, పోక తోటల చాటున చెదురుమదురుగా ఉన్న చిన్నాపెద్దా గుళ్లూ కలిసి తుళునాడు జైన క్షేత్రాలు. 1997లో ఉడుపి జిల్లా వేరుపడినప్పుడు కార్కళ అటు వెళ్లింది, మిగిలిన రెండూ దక్షిణ కన్నడ జిల్లాలోనే ఉన్నాయి. యాత్రికుడికి మాత్రం ఇదంతా ఒకటే చుట్టు. ధర్మస్థల, సుబ్రహ్మణ్య, ఉడుపి, శృంగేరి చూసుకొచ్చే తెలుగు యాత్రికుల బస్సులు ఏడాది పొడుగునా ఈ ఊళ్ల పక్క నుంచే పోతుంటాయి. ఆగేవి తక్కువ.

ఇక్కడ జైన దేవాలయాన్ని బసది అంటారు. దక్షిణాదిన జైనం అనగానే శ్రవణబెళగొళ గుర్తుకొస్తుంది కనుక, ఈ బసదులను దానికి చిన్న నకళ్లుగా చూడడం చాలామందికి అలవాటు. కానీ వీటి రూపం ఇక్కడిదే. ఆ రూపాన్ని దిద్దినవి మూడు: ఈ నేల మీద కురిసే వాన, రేవుల్లో సాగిన మిరియాల వర్తకం, ఊరికొకటిగా ఏలిన జైన దొరల వంశాలు.

ముందు వాన సంగతి. పడమటి కనుమలకూ అరేబియా సముద్రానికీ మధ్య ఇరుకైన పట్టీ ఇది. ఏడాదికి మూడున్నర వేల నుంచి నాలుగు వేల మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. హైదరాబాదులో కురిసే దానికి నాలుగైదు రెట్లు. జూన్‌లో పట్టిన ముసురు సెప్టెంబరు దాకా వదలదు. ఇలాంటి చోట చదును కప్పు వేసి పైన గోపురం లేపితే నీరు దిగి గుడి నానిపోతుంది. అందుకని ఇక్కడి శిల్పులు ఊరి పెంకుటిళ్లనే నమూనాగా తీసుకున్నారు. కప్పు నాలుగు వైపులా వాలుగా ఉంటుంది. పెంకులకు బదులు రాతి పలకలను ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి పరిచారు. చూరు బాగా ముందుకు వచ్చి, చుట్టూ ఉన్న వసారాను జల్లు నుంచి కాపాడుతుంది. పెద్ద బసదులకు పై అంతస్తులు కర్రతో కట్టి రాగి రేకు కప్పారు. దూరం నుంచి చూస్తే దేవాలయంలా కాక పెద్ద భూస్వామి లోగిలిలా కనిపిస్తుంది. కర్రపనిలో కనిపించే దూలాలు, వాసాలు, వాటి అతుకులు అన్నీ రాతిలో మళ్లీ కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో భారతీయ వాస్తు చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ వీటిని చూసి, ఈ శైలికి దగ్గరి చుట్టం నేపాల్‌లోనే ఉందన్నాడు. రెండు చోట్లా కర్ర ఇల్లే గుడికి మూలం, రెండు చోట్లా వాన ఎక్కువే. పోలికకు ఇంతకు మించిన సంబంధం వెతకనక్కర్లేదు.

ఇక దొరల సంగతి. తుళునాడును చాలాకాలం ఆళుపులు ఏలారు. 14వ శతాబ్దం నుంచి విజయనగర సామ్రాజ్యం కింద ఈ సీమ చిన్నచిన్న పాలెగాళ్ల చేతుల్లో నడిచింది. మూడబిద్రి పుత్తిగెల్లో చౌటులు, వేణూరులో అజిలులు, బంగాడిలో బంగులు, కార్కళలో భైరరసులు. అందరూ జైనులే. సామ్రాజ్యానికి కప్పం కట్టి, తమ సీమల్లో తమ మతాన్ని తాము నిలుపుకున్నారు. తెలుగు నేల మీద జరిగింది వేరు. బోధన్‌లో, కడప జిల్లా దానవులపాడులో ఒకప్పుడు వెలిగిన జైనం శైవ, వీరశైవాల ఉధృతిలో చాలావరకు ఆరిపోయింది. కొలనుపాక వంటి ఒకటి రెండు చోట్లే పూజ నిలిచింది. సరిగ్గా ఆ తరవాతి శతాబ్దాల్లోనే తుళునాడులో కొత్త బసదులు లేచాయి.

విజయనగర రాజుల ధోరణి కూడా దీనికి తోడ్పడింది. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగవు వచ్చినప్పుడు బుక్కరాయలు ఇరుపక్షాలనూ పిలిపించి, రెండు దర్శనాలకూ భేదం లేదని తీర్పు చెప్పి దాన్ని శ్రవణబెళగొళలో శిల మీద చెక్కించాడు. జైనులు ఏడాదికి ఇంటికి ఒక హణం చొప్పున ఇవ్వాలి, ఆ సొమ్ముతో బెళగొళ దేవుడికి ఇరవై మంది కావలివాళ్లను పెట్టి, మిగిలిన దానితో పాడుబడిన జినాలయాలకు సున్నం కొట్టించాలి. ఆ బాధ్యత అప్పగించింది తిరుమల తాతయ్యకు. జైన దేవుడి కావలి ఏర్పాటు వైష్ణవ ఆచార్యుడి చేతిలో పెట్టడం బుక్కరాయల రాజనీతి.

ఈ జైన వంశాల్లో ఒక స్థానిక ఆచారం ఉంది: అళియ సంతానం. ఆస్తి, అధికారం తండ్రి నుంచి కొడుక్కి కాక, మేనమామ నుంచి మేనల్లుడికి, ఆడవాళ్ల వరసలో దిగుతాయి. అందుకే ఇక్కడి శాసనాల్లో రాణులు కేవలం భార్యలుగా కనబడరు, దాతలుగా, పాలకులుగా కనబడతారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో పోరాడిన ఉళ్ళాల రాణి అబ్బక్క చౌట వంశపు ఆడబిడ్డే.

మూడబిద్రిని జైన కాశి అంటారు. ఒకే ఊళ్లో 18 బసదులున్నాయి. వాటన్నిటికీ పెద్ద దిక్కు ఇక్కడి జైన మఠం. మఠాధిపతిని భట్టారకుడంటారు. పీఠమెక్కిన ప్రతివారికీ చారుకీర్తి అన్న పేరే వస్తుంది. బసదుల్లో నిత్యపూజ చేసే పూజారులను ఇంద్రులు అంటారు. అన్నిటికన్నా పాతది గురు బసది. గర్భగుడిలో పన్నెండడుగుల ఎత్తు నల్లరాతి పార్శ్వనాథుడు, తల మీద పాముపడగ. ఇదే బసదికి సిద్ధాంత బసది అని మరో పేరు. ఆ పేరు రావడానికి కారణం విగ్రహం కాదు, తాళపత్రాలు.

దిగంబర జైనులకు అత్యంత పూజ్యమైన గ్రంథం షట్‌ఖండాగమం. దాని మీద వీరసేనుడు 9వ శతాబ్దంలో రాసిన మహావ్యాఖ్య ధవళ. ఆ గ్రంథం పుట్టుక గురించి ధవళ ఒక కథ చెబుతుంది. గిరినార్ కొండ గుహలో ఉన్న ధరసేనాచార్యుడు ముసలివాడైపోయాడు. తనకు తెలిసిన ఆగమం తనతోనే పోతుందేమోనని దిగులుపడి, దక్షిణాపథంలో సమావేశమైన ఆచార్యులకు లేఖ పంపాడు. వాళ్లు ఆంధ్ర దేశంలోని వెణ్ణా నది తీరం నుంచి ఇద్దరు యువ సాధువులను పంపారు. గురువు వాళ్లకు రెండు మంత్రాలిచ్చి జపించమన్నాడు. జపం పండి దేవతలు ప్రత్యక్షమయ్యారు. ఒక దేవతకు పళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, ఇంకో దేవతకు ఒంటికన్ను. దేవతలకు అంగవైకల్యం ఉండదే అనుకుని, ఇద్దరూ మంత్రాలను వ్యాకరణంతో సరిచూసుకున్నారు. ఒకదానిలో అక్షరం ఎక్కువ, ఇంకోదానిలో అక్షరం తక్కువ. దిద్దుకుని మళ్లీ జపించారు, దేవతలు చక్కని రూపంతో వచ్చారు. ఆచార్యుడు కావాలనే పెట్టిన పరీక్ష అది. నెగ్గిన ఆ ఇద్దరే పుష్పదంతుడు, భూతబలి. షట్‌ఖండాగమ కర్తలు. అంటే ఈ బసదిలో పూజలందుకునే గ్రంథానికి ఆంధ్ర దేశంతో మొదటి పుటలోనే బంధుత్వం ఉంది.

ధవళ, దాని తోటివైన జయధవళ, మహాధవళ అనే మూడు గ్రంథాల పాత ప్రతులు శతాబ్దాల పాటు మూడబిద్రిలో తప్ప ఎక్కడా మిగల్లేదు. భాష ప్రాకృతం, అక్కడక్కడ సంస్కృతం, లిపి పాత కన్నడం. శ్రీతాళపు ఆకుల మీద గంటంతో గీసినవి కావు, సిరాతో రాసినవి. ప్రతులు హొయసళుల కాలం నాటివి, 12వ శతాబ్దానికి చెందినవి. కొన్ని ఆకుల మీద రంగుల బొమ్మలూ ఉన్నాయి. కానీ చదివేవాళ్లు లేకుండా పోయారు. యాత్రికులు వచ్చి గ్రంథానికి దండం పెట్టుకుని వెళ్లేవారు, అంతే. 19వ శతాబ్దం చివర నకలు రాయించే పని మొదలైంది. అది ముగియడానికి ఏళ్లు పట్టింది. హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో ధవళ మొదటి సంపుటం అచ్చయింది 1939లో. దర్శనానికే పరిమితమైన పుస్తకం మళ్లీ చదువుకునే పుస్తకమైంది అప్పుడే. ఇదే బసదిలో విలువైన రాళ్లతో, లోహాలతో చేసిన చిన్న తీర్థంకర విగ్రహాలున్నాయి. వాటిని సిద్ధాంత దర్శనం పేరిట యాత్రికులకు చూపిస్తారు.

ఊరి పేరు మోసే కట్టడం మాత్రం సావిర కంబద బసది, అంటే వేయి స్తంభాల గుడి. శాసనాల్లో పేరు త్రిభువన తిలక చూడామణి. 1430లో, విజయనగర రాజు రెండవ దేవరాయల కాలంలో లేచింది. తరవాత పాతికేళ్ల లోపలే ముందు భాగంలో భైరాదేవి మంటపం చేరింది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో లాగే ఇక్కడా వెయ్యి అన్నది గౌరవానికి చెప్పే లెక్క. స్తంభాలను దగ్గరగా చూడాలి. అడుగున చదరం, పైకి పోయేకొద్దీ ఎనిమిది పలకలు, ఆపైన గుండ్రం, మళ్లీ పలకలు. పలక మీద తామరపువ్వు, దాని పక్కన తాడు అల్లినట్టు చెక్కిన ముడి. ముడి ఎక్కడ మొదలైందో చూపుడువేలితో వెతికితే దొరకదు. ఏ రెండు స్తంభాలూ ఒకలా ఉండవని స్థానికులు చెబుతారు. గర్భగుడిలో ఎనిమిదవ తీర్థంకరుడు చంద్రనాథుడు, ఎనిమిదడుగుల కంచు విగ్రహం. ముందు ఎత్తైన మానస్తంభం, అంటే జైన గుళ్ల ఎదుట నిలిపే రాతి స్తంభం.

చాలామంది తలెత్తి స్తంభాలు చూస్తూ పోయి, అడుగున ఉన్నదాన్ని వదిలేస్తారు. భైరాదేవి మంటపం పీఠం చుట్టూ నడుము ఎత్తు కూడా లేని చోట వరసగా చిన్న బొమ్మలున్నాయి. ఏనుగులు, గుర్రాలు, నర్తకులు, వాటి మధ్య ఒక జిరాఫీ, చైనా వాళ్ల డ్రాగన్. కన్నడ పల్లెలో రాతిపని చేసిన శిల్పికి జిరాఫీ తెలిసిందంటే, అది సముద్రం మీదుగానే వచ్చి ఉండాలన్నది చరిత్రకారుల మాట. మంగళూరు, బసరూరు, భట్కళ రేవుల నుంచి మిరియాలు, బియ్యం అరేబియాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లేవి, అక్కడి నుంచి గుర్రాలు దిగేవి. అదే కాలంలో చైనా నౌకలు కూడా ఈ తీరానికి వచ్చాయి. ఈ గుడికి డబ్బు పెట్టిన వాళ్లలో దొరలతో పాటు సెట్టులు, అంటే వర్తకులు ఉన్నారు.

మూడబిద్రిలోనే చౌటుల పాత రాజగృహం ఉంది. దాని కర్ర స్తంభాల మీద నవనారీకుంజరం, పంచనారీతురగం చెక్కి ఉన్నాయి. తొమ్మిది మంది స్త్రీలు ఒదిగి ఏనుగు రూపమైతే, అయిదుగురు కలిసి గుర్రమయ్యారు. ఊరి చివర కొడంగల్లులో నిషిధులున్నాయి. గతించిన భట్టారకులకు, కొందరు వర్తకులకు కట్టిన సమాధులివి. ఒకదాని మీద ఒకటి చిన్నదవుతూ పోయే రాతి కప్పులతో బౌద్ధ పగోడాల్లా కనిపిస్తాయి. గైడ్లు ఇక్కడికి తీసుకెళ్లరు, అడిగి వెళ్లాలి.

కార్కళకు వెళ్లేది బాహుబలి కోసం. మొదటి తీర్థంకరుడు వృషభనాథుడి కొడుకులు భరతుడు, బాహుబలి రాజ్యం కోసం తలపడ్డారు. సైన్యాలను పక్కన పెట్టి దృష్టియుద్ధం, జలయుద్ధం, మల్లయుద్ధం చేశారు. మూడింటా గెలిచిన బాహుబలి అన్నను నేల కొట్టబోయి ఆగి, రాజ్యం వదిలి అడవిలో నిలబడ్డాడు. కాళ్ల దగ్గర పుట్టలు లేచినా, ఒంటికి తీగలు అల్లుకున్నా కదల్లేదు. బాహుబలి రాజధాని పౌదనపురం నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడ భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహాన్ని చూడాలని బయలుదేరిన గంగరాజుల మంత్రి చాముండరాయడు, అది అందదని తెలిసి శ్రవణబెళగొళలో చెక్కించాడని సంప్రదాయం చెబుతుంది.

కార్కళ విగ్రహం 1432లో భైరరస వంశపు వీరపాండ్యుడు నిలిపాడు. ఎత్తు 42 అడుగులు, బరువు 80 టన్నుల దాకా ఉంటుందని అంచనా. శ్రవణబెళగొళలో కొండనే చెక్కి విగ్రహం తీశారు. ఇక్కడ వేరే చోట చెక్కి, బండ్ల మీద నున్నని బండకొండ పైకి లాగారని స్థానిక సంప్రదాయం. ప్రాకారం ముందు 1436 నాటి బ్రహ్మదేవ స్తంభం ఉంది. కొండ దిగితే ఎదురుగా ఉన్న చిన్న గుట్ట మీద చతుర్ముఖ బసది. 1586లో ఇమ్మడి భైరవుడు కట్టించాడు. మూడబిద్రి అలంకారం చూసి వచ్చినవాళ్లకు ఇది బోడిగా అనిపిస్తుంది. తీరిక ఉంటే నాలుగు వైపులా ఒకసారి తిరిగి రావాలి. నాలుగు గుమ్మాలు, 108 స్తంభాలు, ఏ వైపు నుంచి చూసినా ఒకే ముఖం. ప్రతి గుమ్మం ఎదురుగా అరనాథ, మల్లినాథ, మునిసువ్రతుల నిలువెత్తు విగ్రహాలు మూడేసి. శిల్పం తగ్గించి కొలతల మీదే ఆధారపడ్డ కట్టడమిది. తుళునాడులో వాస్తుపరంగా దీనికి మించినది లేదు.

వేణూరు ఫల్గుణి నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1604లో తిమ్మణ్ణ అజిలుడు ఇక్కడ 35 అడుగుల బాహుబలిని నిలిపాడు. చాముండరాయడి వంశం తమదని అజిలులు చెప్పుకున్నారు. ఈ విగ్రహం చుట్టూ ఒక పొరుగు తగవు కథ నడుస్తుంది. తన కార్కళకు సాటి ఇంకోటి లేవకూడదని ఇమ్మడి భైరవుడు అడ్డుపడి, దాన్ని తనకిచ్చేయమని కబురు పంపాడట. అజిలుడు విగ్రహాన్ని నది ఇసుకలో పాతిపెట్టి, గొడవ సద్దుమణిగాక పైకి తీయించాడట. శ్రవణబెళగొళ, కార్కళ, వేణూరు పాత విగ్రహాలు మూడింటిలో చిన్నది ఇదే అయినా, ముఖం చూడవలసినది కూడా ఇదే. పెదవుల కొసన నవ్వు, బుగ్గల్లో సొట్ట. మిగతా చోట్ల బాహుబలి గంభీరంగా ఉంటాడు, వేణూరులో ఊరి కుర్రాడిలా ఉంటాడు. పక్కన అజిలుడి రాణుల పేరిట నిలిచిన అక్కంగళ బసది ఉంది.

ధర్మస్థల గురించి తెలుగువారికి చెప్పవలసింది తక్కువ. గుడిలో మంజునాథుడు, అంటే శివుడు. పూజ చేసేది మాధ్వ వైష్ణవ బ్రాహ్మణులు, ధర్మాధికారి హెగ్గడే వంశం జైనులు. చాలామంది అన్నప్రసాదం తీసుకుని తిరిగి బస్సెక్కుతారు. పక్క గుట్ట మీద 39 అడుగుల బాహుబలి ఉన్నాడని చూసినవాళ్లకే తెలుసు. రెంజాళ గోపాల శెణై కార్కళ దగ్గర ఏకశిలలో చెక్కిన ఆ విగ్రహాన్ని 1973లో రోడ్డు మీద ధర్మస్థలకు తెచ్చారు. 1982లో ప్రతిష్ఠ జరిగింది.

కార్కళ నుంచి హెబ్రి దారిలో సుమారు 25 కిలోమీటర్లు వెళితే వరంగ. చెరువు నడుమ నాలుగు ముఖాల చిన్న బసది. పడవ మీద తప్ప చేరే దారి లేదు. ఇక్కడికి జనం మొక్కులతో వస్తారు, కానీ తీర్థంకరులు వరాలివ్వరు. వాళ్లు కర్మబంధం తెంచుకుని వెళ్లిపోయినవాళ్లు, మొక్కు వినేది వాళ్లు కాదన్నది జైన సిద్ధాంతం. మొక్కులు తీర్చే పని యక్షయక్షిణులది. వరంగలో ఆ పని పద్మావతి అమ్మవారిది. పిల్లల కోసం, పెళ్లి కోసం మొక్కుకునేవాళ్లలో జైనేతరులూ ఉంటారు. తుళునాడులో స్థానిక దైవాల కొలువైన భూతకోలాలు జరిపించే పాత జైన కుటుంబాలున్నట్టే, జైన అమ్మవారికి మొక్కే మిగతా కులాలవాళ్లూ ఉన్నారు.

పన్నెండేళ్లకోసారి బాహుబలి విగ్రహాలకు మహామస్తకాభిషేకం జరుగుతుంది. విగ్రహం వెనుక మంచె కట్టి, పై నుంచి నీళ్లు, కొబ్బరినీళ్లు, చెరుకురసం, పాలు, బియ్యప్పిండి, పసుపు, గంధం కలశాలతో పోస్తారు. పాలు పోసినప్పుడు తెల్లగా, పసుపు పడగానే పచ్చగా, గంధంతో ఎర్రగా విగ్రహం రంగు మారుతుంది. వేణూరులో ఇది చివరిగా 2024లో జరిగింది. గడువు పన్నెండేళ్లే అయినా పెద్ద ఏర్పాట్ల వల్ల ఒక్కోసారి ఏడాది అటూఇటూ అవుతుంది. కార్కళలో 2002 తరవాత 2015లో జరిగింది.

ఈ ఊళ్లు చూడడానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండాకాలం కార్కళ బండ మీద ఉత్త కాళ్లతో నిలబడడం కష్టం, వానల్లో మెట్లు నాచుపట్టి జారతాయి. బసది గడపలో చెప్పులతో పాటు తోలు బెల్టు, పర్సు కూడా విడిచి వెళ్లాలి. విగ్రహాలను తాకకూడదు, ఫోటో తీసే ముందు ఇంద్రులను అడగాలి. చిన్న బసదులు మధ్యాహ్నం మూసి ఉంటాయి, తాళం పూజారి ఇంట్లో ఉంటుంది, పొద్దున్నే వెళితే మేలు. మఠాల్లో భోజనం ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేకుండా ఉంటుంది. సూర్యాస్తమయానికి ముందే వడ్డన ముగుస్తుంది. మంగళూరు నుంచి ఉదయమే బయలుదేరితే మూడబిద్రి, కార్కళ ఒక రోజులో చూడవచ్చు. వేణూరు, ధర్మస్థల రెండో రోజుకు, వరంగ ఉడుపికో ఆగుంబె మీదుగా శృంగేరికో పోయే దారిలోకి పెట్టుకోవచ్చు.